దారికి చాలిన వెలుగు



భారతదేశమంతటికిని గడియారము ఒక్కటే. సూర్యుడు మాత్రము ఒక్కొక్క తావున ఒక్కొక్క వేళకు అస్తమించుచున్నాడు. మన దేశకాలమానమునకు ఆధారమైనది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. అండమాను దీవులు ఆ రేఖకు ఇంచుమించు పది డిగ్రీలు తూర్పుగా నుండుటచే ఇచ్చటి సూర్యుడు గడియారముకంటె నలువది నిమిషములు ముందుగా నడచును. నవంబరు మాసాంతమున, విశాఖపట్టణములో ఇంకను నీరెండ మిగిలియున్న వేళ, సాయంకాలము 5 గంటలైనను కాకమునుపే, ఇచ్చట సూర్యబింబము పడమటి కడలిలో మునిగిపోవును. పగలు మిక్కిలి దీర్ఘమైన జూన్ మాసమునందు సైతము 6 గంటలవరకు నిలిచియుండు సూర్యుని ఈ దీవులవారు ఎరుగరు. పైగా భూమధ్యరేఖకు చేరువనున్న ప్రదేశములలో సంధ్య ఎక్కువసేపు నిలువదు. అస్తమయమైన ఇరువది, ఇరువదియైదు నిమిషములలో దారిమీది మనిషి ఆకారము తెలియరాని చీకటి కమ్ముకొనును.

సూర్యుని ఈ తొందరతో మన దినచర్యకు నిమిత్తము లేదు. కచేరీలు మూయు వేళయు, అంగళ్లు కట్టివేయు వేళయు, పిల్లలు ట్యూషన్లనుండి ఇండ్లకు మరలు వేళయు హైదరాబాదులో ఎట్లున్నవో ఇచ్చటను ఇంచుమించు అట్లే యున్నవి. అందుచేత, ఆంధ్రదేశమున రాత్రి ప్రయాణమనగా లారీ డ్రైవర్లకును దూరపు బస్సులవారికిని సంబంధించిన విషయముగా తోచునేమో గాని, ఈ దీవులలో అది ప్రతి గృహస్థునకును ప్రతిదినమును ఎదురగు కార్యము. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో పని ముగించుకొని వండూరు వైపునకో, ఫెరార్‌గంజ్ వైపునకో, చిడియాటాపూ వైపునకో స్కూటరుపై మరలిపోవు ఉద్యోగికి, ఏ ఋతువునందైనను, కొంచెము ఆలస్యమైనచో హెడ్‌లైటే దారి చూపవలెను. ఆ దీపము మేలైనదగుట ఎట్లు, దానిని మేలుచేసికొనుట ఎట్లు అనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ దీవుల దారులను ఒక్కసారి తలచుకొనుడు. దక్షిణమున పోర్ట్‌బ్లెయిర్ మొదలుకొని ఉత్తరమున డిగ్లీపూరువరకు, బారాటాంగ్, రంగత్, మాయాబందరుల మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైబడి సాగిన అండమాన్ ట్రంకు రోడ్డులో, జిర్కాటాంగ్ దాటిన పిదప జారవా జనుల రక్షిత ప్రాంతమునందు రాత్రివేళ వాహనములకు ప్రవేశమే లేదు. పగటివేళ సైతము పోలీసు కాపుదలతో వరుసకట్టి మాత్రమే పోవలెను. ఆ అడవి వారిది. అచ్చటి రాత్రి వారికే చెందుట న్యాయము. ఐనను, మధ్యాహ్నపు చివరి వరుసలో బయలుదేరి బారాటాంగ్ చేరుకొన్న వాహనము రంగత్ దాటి మాయాబందరు పోవలెనన్న, మిగిలిన దారిలో పెద్దభాగము చీకటిలోనే సాగవలసియున్నది. ఆ దారికి ఇరుప్రక్కల గగనమంటు చెట్లు, మలుపు వెనుక మలుపు. ఊరు దాటినచో వీధిదీపమన్నది కానరాదు. దక్షిణ అండమానులో వండూరు పోవు దారి సిప్పీఘాట్‌కడ నీటి నడుమ సాగును. 2004 నాటి సునామీలో నేల క్రుంగి, పొలములలో నిలిచిన ఉప్పునీరు నేటికిని అచ్చట తీయలేదు. స్వరాజ్ ద్వీపమని నేడు పిలువబడు హేవ్‌లాక్‌లో, రాధానగర్ తీరమున సూర్యాస్తమయమును కన్నులార చూచిన యాత్రికులు, ఆ వెనువెంటనే చీకటిలో పండ్రెండు కిలోమీటర్ల అడవిదారిని అద్దె స్కూటర్లపై రేవువైపునకు మరలవలయును. ఈ దారులపై పరుండిన పశువులున్నవి. బ్రిటిషువారి కాలమున తెచ్చి విడువగా అడవులనిండ పెరిగిన చుక్కల దుప్పులున్నవి. నల్లని గొడుగులు పట్టుకొని నడచు మనుష్యులున్నారు.

2011 నాటి జనాభా లెక్కలనుబట్టి ఈ దీవులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళపు తీరమునుండి వచ్చి జంగ్లీఘాట్‌లో చేపల వ్యాపారముననో, ఊరూర ఆటోలు, జీపులు, లారీలు నడుపుటలోనో, ఇండ్ల నిర్మాణముననో జీవించు మనవారు ఎందరో యున్నారు. తెల్లవారకమునుపే చేపలబుట్టలను అంగడికి చేర్చువారికిని, ప్రొద్దుగ్రుంకిన పిదప పనినుండి మరలువారికిని ఈ మాటలు అక్కఱకు వచ్చునను నమ్మకముతో ముచ్చటించుచున్నాను.

దారి సరిగా కనబడుటలేదని తోచినప్పుడు మనలో పదుగురికి మొదట కలుగు ఆలోచన ఒక్కటే: ఇంకను పెద్ద బల్బు, ఇంకను తెల్లని బల్బు, బంపరుపై ఇంకొక జత దీపములు. వెలుగు ఎక్కువైనచో చూపు ఎక్కువగునని మనము తలంతుము. అది సగము మాత్రమే సత్యము. వాహనమునకు కావలసినది ఎక్కువ వెలుగుకంటె ముందు, ఉన్న వెలుగు పోవలసిన చోటికి పోవుట. అంగడిలో క్రొత్త బల్బు కొనుటకు పూర్వము, తన వాహనము తయారైన నాడు ఏ దీపముతో బయటికి వచ్చినదో ఆ దీపమును దానికి తిరిగి సమకూర్చుటయే మొదటి కర్తవ్యము. ఈ దీవులలో పది సంవత్సరములు తిరిగిన వాహనములలో పెక్కింటికి ఆ మొదటి వెలుగులో సగమైనను మిగిలియుండదని, సాయంకాలమున రోడ్డు ప్రక్కన నిలిచి చూచిన ఎవరికైనను బోధపడగలదు.

పూర్వము మన పల్లెలలో ఎడ్లబండి ఇరుసుక్రింద ఒక లాంతరు వ్రేలాడుచుండెడిది. బండివాడు దానితో దారిని చూచినది లేదు. ఎడ్లకు దారి తెలియును. ఎదుటివారికి బండి కనబడుటయే ఆ లాంతరు ప్రయోజనము. మోటారు వాహనములు వచ్చిన తరువాత, వాని వేగము పశువుల వేగమును మించుటచే, దీపమునకు దారి చూపు పని అదనముగా సంక్రమించినది. తొలినాళ్లలో కార్బైడుపై నీరు పడగా పుట్టు ఎసిటిలీన్ వాయువును మండించి ఆ పని చేసిరి. 1912లో అమెరికాలోని కాడిలాక్ కారులో విద్యుద్దీపములును, వానికి కావలసిన డైనమోయును కలిసి వచ్చినవి. ఎదురెదురుగా రెండు వాహనములు వచ్చుట నిత్యకృత్యమైన పిదప మూడవ కర్తవ్యము ఏర్పడినది: దారిని చూపవలెను, తాను కనబడవలెను, ఎదుటివాని కన్నులను మాత్రము చెదరగొట్టరాదు. డిమ్ము, బ్రైటు అని మనము వ్యవహరించు రెండు వెలుగులును ఈ మూడవ కర్తవ్యమునుండి పుట్టినవే. 1971లో ఐరోపాలో వాడుకకు వచ్చిన హెచ్4 అను హాలోజన్ బల్బు, ఒక్క గాజుబుడ్డిలో రెండు తంతువులు అమర్చి, డిమ్ముకు 55 వాట్లును బ్రైటుకు 60 వాట్లును వెచ్చించును. మన దేశపు కార్లలోను జీపులలోను నేటికిని ఇది విరివిగా కనబడును.

ఆ బల్బు వెనుకనున్న అద్దపు గిన్నెను మనము రిఫ్లెక్టరు అందుము. దాని వంపులో ఒక నాభిస్థానము కలదు. తంతువు సరిగా ఆ స్థానమున నున్నప్పుడే కిరణములన్నియు కూడి, ఒకే దారిని పట్టి ముందుకు సాగును. ఒక్క మిల్లీమీటరు తొలగినను చెల్లాచెదరై, కొన్ని చెట్లపైకి, కొన్ని ఎదుటివాని ముఖముపైకి పోవును. డిమ్ము వెలుగునకు పైన ఒక అంచు ఉండును. ఆ అంచుకు దిగువనంతయు వెలుగు, ఎగువనంతయు చీకటి. మనము రోడ్డునకు ఎడమ ప్రక్కన నడుచు దేశమువారము గనుక, ఆ అంచు కుడివైపున సమముగా నుండి, ఎడమవైపున కొంచెము పైకి లేచి, దారి ప్రక్కన నడచువారిని ముందుగా చూపించును. కుడి ప్రక్కన నడుచు దేశములకొఱకు చేసిన లైటు చవుకగా దొరకినదని తెచ్చి బిగించినచో, ఆ లేచిన అంచు కుడివైపునకు తిరిగి, ఎదురు వచ్చువాని కన్నులలో గ్రుచ్చుకొనును. లైటు కొనునప్పుడు విచారింపవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

ఇక వేగమునకును చూపునకును గల లెక్కను కొంచెము చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకనులో పదునేడు మీటర్లు దాటును. కన్ను చూచినదానిని మనస్సు గ్రహించి, కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒకటిన్నర సెకను పట్టునని అనుకొన్నచో, ఆలోగానే ఇరువదియైదు మీటర్లు గడచిపోవును. తడిసిన రోడ్డుపై ఆ తరువాత నిలుచుటకు మరి ముప్పదియైదు మీటర్లు కావలెను. మొత్తము అరువది. ముదురు రంగు బట్టలు కట్టుకొని నడచు మనిషి, సామాన్యమైన డిమ్ము వెలుగులో ఏబది మీటర్ల దూరమునకు స్పష్టముగా కనబడుట అరుదు. కనుక ఆ వేగమున అతనిని చూచియు బండిని ఆపలేము. అదే 40 కిలోమీటర్ల వేగమున, తడిసిన దారిపై సైతము, ఇంచుమించు ముప్పదిరెండు మీటర్లకు బండి నిలుచును. వెలుగును పెంచి ఈ లెక్కను జయింతమన్నచో, దూరము పెరిగినకొలది వెలుగు దాని వర్గమునుబట్టి పలుచనగును. రెట్టింపు దూరమున అంతే వెలుగు పడవలెనన్న నాలుగు రెట్లు కాంతి కావలెను. పాదమును కొంచెము సడలించుటచే సిద్ధించు లాభమును ఏ బల్బును ఇయ్యజాలదు.

కంటి సంగతియు తెలిసికొనదగినదే. చీకటికి అలవాటుపడుటకు మన కంటికి అరగంట వరకు పట్టును. ఆ అలవాటును పోగొట్టుటకు ఎదురుగా వచ్చు తీవ్రమైన వెలుగు ఒకటి రెండు క్షణములు చాలును. వయస్సు పెరిగినకొలది కంటిపాప చీకటిలో విప్పారుట తగ్గును, లోని కటకము మసకబారును. అరువది ఏండ్లవాని కంటి లోపలి తెరను చేరు కాంతి ఇరువది ఏండ్లవానికి చేరుదానిలో మూడవ వంతు మాత్రమేనని నేత్రశాస్త్రజ్ఞుల అంచనా. శుక్లములు ఏర్పడుచున్న కంటిలో ఎదుటి వెలుగు పొగమంచుగా పరచుకొనును. దారి కనబడుటలేదని హెడ్‌లైటును నిందించు పెద్దలు ఒకసారి కన్నులను పరీక్షింపజేసికొనుట అవశ్యము.

ఇప్పుడు చేయవలసిన పనులను క్రమముగా చెప్పుదును. మొదటిది శుభ్రత. ఈ దీవులలో సంవత్సరమునకు మూడు మీటర్ల వర్షము కురియును. మిగిలిన దినములలో సముద్రపు ఉప్పుగాలి. ఇటీవలి వాహనముల లైట్లపై కప్పు గాజుది కాదు, పాలీకార్బొనేట్ అను ప్లాస్టికుది. ఎండలోని అతినీలలోహిత కిరణములకు దాని పైపూత చెడి, కప్పు పసుపుపచ్చనై, పిదప తెల్లబారి, కిరణములను ఎటుపడిన అటు చెదరగొట్టును. దానిని బాగుచేయుట కష్టము కాదు. నీటితో తడిపిన సన్నని సానకాగితముతో, 800 నంబరుతో ప్రారంభించి, 1000, 2000, 3000 వరకు క్రమముగా రుద్ది, పాలిషు పెట్టి, అటుపైన అతినీలలోహిత కిరణములను ఆపు పారదర్శకమైన పూతను వేయవలెను. ఈ చివరి పూతను మరచినచో కొన్ని మాసములకే పూర్వపు మసక మరల వచ్చును. లోపలి రిఫ్లెక్టరును మాత్రము గుడ్డతో తుడువరాదు. ఆ వెండివంటి పూత మిక్కిలి పలుచనిది. లోన నీటియావిరి పట్టుచున్నచో బల్బు వెనుకనుండు రబ్బరు తొడుగు పగిలినదేమో చూడవలెను. డ్రైవరు ఎదుటి అద్దమును వెలుపలనే కాక లోపలకూడ తుడిచినచో సగము చికాకు తీరును. లోపల పట్టిన సన్నని జిడ్డుపొరపై ఎదుటి వెలుగు పడి అద్దమంతయు తెల్లబారుట మనందరకు అనుభవమే.

రెండవది విద్యుత్తు. దీనిని గూర్చి నేను కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదను. రంగత్ ప్రాంతమున ఒక మెకానిక్కు షెడ్డులో, పాత జీపు నడుపు కుర్రవాడొకడు, హెడ్‌లైట్లు ఎఱ్ఱగా మండుచున్నవని, నూరు వాట్ల బల్బులు వేయుమని అడుగుచుండెను. శ్రీకాకుళమునుండి చిన్ననాడే దీవులకు వచ్చిన ఆ ముసలి మెకానిక్కు, ఇంజను నడుచుచుండగనే, వోల్టుమీటరు ముల్లులు బ్యాటరీ కొసలకు ఆనించి చూపెను, 13.6 వోల్టులు. పిదప బల్బు హోల్డరును విప్పి, లైటు వెలుగుచుండగనే, అచ్చటను ఆనించెను, 12.1.

"బల్బుకేటీ కాలేదు బాబూ. బేటరీ కాడున్న కరెంటు బల్బు కాడికొచ్చీసరికి సగం సచ్చిపోతన్నాది. తీగ ముసిలిదైపోనాది" అనెను.

"అయితే ఏటి సెయ్యమంటావు బాబాయ్?" అని కుర్రవాడు.

"పెద్ద బల్బెట్టేవంటే హోల్డరు కాలిపోద్ది. కొత్త తీగేసి, రిలే ఎట్టి, ఎర్తు గట్టిగా బిగించుకో. ఉన్న బల్బే ఎలుగుద్ది."

ఆ వృద్ధుని మాటలో శాస్త్రము సంపూర్ణముగా నున్నది. బల్బు వెలుగు వోల్టేజీతో సరిసమానముగా తగ్గదు. దాని మూడున్నర ఘాతమునకు ఇంచుమించుగా తగ్గును. 13.6 వోల్టులు 12.1 అగుట చూచుటకు స్వల్పమే, నూటికి పదకొండు. వెలుగులో మాత్రము మూడవ వంతు పోయినట్లే. కాలువ గట్టునకు నడుమ గండిపడినచో చివరి మడికి నీరు చేరనట్లు, త్రుప్పుపట్టిన కొసలలోను, అరిగిన స్విచ్చిలోను, సన్నని తీగలోను ఆ విద్యుత్తు నష్టమగుచుండును. రెండు బల్బులకు పది ఆంపియర్లు పోవుచుండగా, దారిలో ఒక ఓములో పదవవంతు అడ్డు ఉన్నను ఒక వోల్టు అచ్చటనే కరిగిపోవును. ఉప్పుగాలి గల ఈ దీవులలో ఎర్తు బోల్టుల క్రింద ఆకుపచ్చని చిలుము పట్టుట సర్వసాధారణము.

రిలే అనగా ఒక చిన్న విద్యుత్ తాళము. డ్రైవరు స్విచ్చి నొక్కినప్పుడు దానిగుండ స్వల్పమైన విద్యుత్తు పోయి రిలేను తెఱచును. బల్బునకు కావలసిన అసలు విద్యుత్తు బ్యాటరీనుండి దళసరి తీగద్వారా, నడుమ ఒక ఫ్యూజు దాటి, నేరుగా పోవును. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగానే ఉండవలెను. లేనిచో ఎక్కడైన తీగ ఒరసుకొన్నప్పుడు మంట పుట్టగలదు. ఆ సాయంకాలమే ఆ జీపునకు తీగ మార్చిరి. హోల్డరుకడ 13.3 వోల్టులు కనబడెను. పాత బల్బులే షెడ్డు ఎదుటి గోడపై తెల్లని అంచుతో వెలుగుట చూచి, కుర్రవాడు నూరు వాట్ల ఊసు ఎత్తలేదు.

మూడవది, నా మనస్సునకు అన్నింటికంటె ముఖ్యమైనది, గురి. దీనికి ఒక గోడయు, ఒక సుద్దముక్కయు, కొలత టేపును చాలును. చదునైన నేలపై, టైర్లలో సరియైన గాలితో, డ్రైవరు స్థానమున ఒకరిని కూర్చుండబెట్టి, వాహనమును గోడకు ఎదురుగా పది మీటర్ల దూరమున నిలుపవలెను. లైటు నడిమి బిందువు నేలనుండి ఎంత ఎత్తున నున్నదో కొలిచి, గోడపై అదే ఎత్తున ఒక గీతయు, దానికి పది సెంటీమీటర్ల దిగువన మరియొక గీతయు గీయవలెను. డిమ్ము వేసినప్పుడు వెలుగు అంచు ఈ దిగువ గీతపై నిలువవలెను. లైటు వెనుకనుండు మరను త్రిప్పి, ఒకదానిని గుడ్డతో కప్పి రెండవదానిని, పిదప రెండవదానిని కప్పి మొదటిదానిని సరిచేసికొనవలెను. అంచు పైకి పోయినచో ఎదుటివానికి అపాయము. మిక్కిలి దిగువకు పోయినచో మనకే అపాయము. వెనుక సీటులో నలుగురిని, డిక్కీలో బియ్యపు బస్తాను వేసికొన్నప్పుడు బండి ముక్కు పైకి లేచి, సరిచేసిన గురియంతయు తప్పును. అందుకొఱకే పెక్కు కార్లలో డ్రైవరు కుడిచేతి చేరువన, 0 నుండి 3 వరకో 4 వరకో అంకెలు గల చిన్న చక్రమును అమర్చినారు. దానిని జీవితములో ఒక్కసారియు త్రిప్పని యజమానులు ఎందరో కలరు.

ఈ మూడు పనులును ముగిసిన పిదపనే బల్బు మార్పు ఆలోచింపదగినది. హాలోజన్ బల్బునకు ఆయువు కలదు. దాని గాజు లోపల నల్లబారినచో, అదే కొలతగల క్రొత్తది, మంచి తయారీది, జతగా వేయవలెను. గాజును వ్రేళ్లతో తాకరాదు. చేతి జిడ్డు అంటిన చోట వేడి పెరిగి గాజు పగులును. నేడు అంగడులలో ఎల్‌ఈడీ బల్బులు విరివిగా దొరకుచున్నవి. ఎల్‌ఈడీకొఱకే రూపొందించిన లైటులో ఎల్‌ఈడీ మిక్కిలి గొప్పది. విద్యుత్తు స్వల్పము, ఆయువు దీర్ఘము. తంతువు బల్బుకొఱకు చేసిన రిఫ్లెక్టరులో దానిని దూర్చినప్పుడు మాత్రము, వెలుగు పుట్టు స్థానము తొలగుటచే, బంపరు ముందు పది మీటర్లు పట్టపగలుగా వెలుగును, దూరపు దారి మాత్రము చీకటిలోనే యుండును. దగ్గరి వెలుగు తీవ్రతకు కంటిపాప ముడుచుకొనుటచే దూరమున నున్నది మరింత కనబడదు. డ్రైవరునకు సంతోషము, దారికి నష్టము. నీలిఛాయ గల వెలుగు కన్నును మరింత చెదరగొట్టును. ఎండఛాయ గల తెలుపు ఎంతో మేలు.

ద్విచక్రవాహనముల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. పాత స్కూటర్లలో హెడ్‌లైటునకు విద్యుత్తు బ్యాటరీనుండి రాదు, ఇంజనులోని తీగచుట్టనుండి నేరుగా వచ్చును. మిట్ట ఎక్కునప్పుడును, గుంటలు చూచి నెమ్మదించునప్పుడును, అనగా వెలుగు అత్యంతము అవసరమైన వేళనే, దీపము మినుకుమినుకుమనును. తెలిసిన ఎలక్ట్రీషియనుచేత ఆ విద్యుత్తును ఏకముఖముగా మార్పించి, బ్యాటరీద్వారా ఇప్పించుట ఈ బండ్లకు చేయదగిన గొప్ప ఉపకారము. ఐతే తీగచుట్టకు అంత శక్తి యున్నదో లేదో మొదట చూపించుకొనవలెను; లేనిచో బ్యాటరీ రాత్రికి రాత్రే ఖాళీయగును.

వానలో నడుపువారు ఒక్క విషయము మరువరాదు. కురియు చినుకులపై బ్రైటు వేసినచో ప్రతి చినుకును ఆ వెలుగును మన కంటికే త్రిప్పికొట్టును. తడిసిన తారురోడ్డు అద్దమై, మన వెలుగును ముందునకు జార్చివేయుటచే, దారి నల్లగా కనబడును. అప్పుడు డిమ్మే శరణ్యము. క్రిందికి అమర్చి, క్రిందికే గురిపెట్టిన ఫాగ్‌ల్యాంపులు రోడ్డు అంచును చూపుటకు తోడ్పడును. వానిని ఎత్తుగా బిగించినచో ఆ ప్రయోజనము పూర్తిగా పోవును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 105వది, అస్తమయమైన అరగంటనుండి ఉదయమునకు అరగంట ముందువరకు, 155 మీటర్ల దూరమునందలి మనిషియు వాహనమును స్పష్టముగా కనబడునంతటి దీపములు వెలిగియుండవలెనని చెప్పుచున్నది. ఆ మరుసటి నియమము, ఎనిమిది మీటర్ల దూరమున, ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న కన్ను చెదరకుండునట్లు ఆ వెలుగు క్రిందికి వంగియుండవలెనని శాసించుచున్నది. చూచుటకు చాలినంత వెలుగును, చెదరగొట్టకుండునంత వినయమును ప్రక్కప్రక్కనే నిలిపిన ఆ శాసనకర్తల వివేకము నాకు మిక్కిలి గౌరవపాత్రము.

ఎదురు బండి కనబడినంతనే డిప్పర్ వేయుట, వంతెనయొద్ద, మలుపులయొద్ద ముందుగానే బ్రైటు దించుట, ఎదుటివాడు దించకున్నను మనము దించుట — ఇవి ఖర్చులేని మేలుచేతలు. ఎదుటి వెలుగు కన్నులలో పడినప్పుడు దానివైపు చూడక, రోడ్డు ఎడమ అంచును చూచుచు నెమ్మదిగా సాగవలెను. మన దీవులలో ఈ మర్యాదకు మనుష్యులే కాక అర్హులు ఇంకను కలరు. రంగత్ చేరువ ధనీనాలా తీరమునను, మాయాబందరు చేరువ కర్మటాంగ్‌లోను, డిగ్లీపూరు చేరువ కాలీపూరులోను శీతకాలమున సముద్రపు తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలువడినప్పుడు, అడవివైపుకంటె వెలుగుగా నుండు సముద్రపు దిక్కును గుర్తించి అటు ప్రాకిపోవును. తీరమునకు అభిముఖముగా నిలిపిన ఒక్క వాహనపు హెడ్‌లైటు వానికి దిక్కు తప్పించి రోడ్డుమీదికి రప్పింపగలదు. అట్టి చోట్ల బండి ఆపిన మరుక్షణమే దీపము ఆర్పుట మన ధర్మము.

నడచువారును, సైకిలువారును తమ వంతు చేయవలసినది కొంత కలదు. సంచికో, సైకిలు వెనుక రెక్కకో, ఆటో మూలకో అంటించిన జానెడు మెఱపుపట్టీ, నల్లని బట్టకంటె ఎన్నో రెట్లు దూరమునుండి మనిషిని కనబడజేయును. ఎడ్లబండి లాంతరు చేసిన పని ఇప్పుడు ఆ పట్టీ చేయగలదు.

చివరగా ఒక విన్నపము. గురి సరిచూచుకొనుటకు కావలసిన చదునైన స్థలమును, గోడయు ప్రతి ఇంటికిని ఉండవు. ప్రతి పెద్ద గ్రామమున, పంచాయతీ ఆవరణలోనో, ఆటో స్టాండు ప్రక్కనో, పెట్రోలు బంకు వెనుకనో, ఒక గోడకు సున్నము వేయించి, పది మీటర్ల దూరమున నేలపై ఒక పట్టె గీయించి, గోడపై మీటరు కొలత గుర్తులు వ్రాయించినచో, ఖర్చు ఒక డబ్బా రంగు మాత్రమే. వాన కాలము ప్రారంభమునకు ముందొకసారి, అది ముగిసిన పిదప ఒకసారి, ఊరివారందరును తమ బండ్లను ఆ గోడయెదుట నిలిపి చూచుకొనవచ్చును. తెలిసిన మెకానిక్కు ఒక్కడు సాయంకాలము ఒక గంట అచ్చట నిలిచినచో ఎందరికో మర త్రిప్పుట నేర్పగలడు. అండమానులోని తెలుగు సంఘములు, ఆటో యూనియన్లు, పంచాయతీ పెద్దలు ఈ స్వల్పకార్యమునకు పూనుకొందురని ఆశించుచున్నాను. అంతవరకు వేచియుండనక్కఱలేదు, వచ్చు ఆదివారము, వెలుగు ఉండగనే, మీ బండి లైటు అద్దమును శుభ్రపరచి, ఎర్తు బోల్టును గీకి బిగించి, సాయంకాలము ఏదేని ఒక గోడపై గీత గీసి చూచుకొనుడు. ఆ రాత్రియే మీ దారియు, మీకెదురు వచ్చువాని దారియు మేలుపడును.